జావా వెబ్‌లో సెషన్ చరిత్ర

హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. బ్రౌజర్ నుంచి వచ్చే ప్రతి రిక్వెస్టూ సర్వర్‌కు కొత్తదే. వ్యాసాలు చదివించడానికి ఆ పద్ధతి చాలింది గానీ, ఆన్‌లైన్ కొనుగోళ్ల ఆలోచన రాగానే బుట్టలో ఏముందో ఎక్కడో దాచక తప్పలేదు. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మోంటుల్లి అందుకోసమే కుకీని రూపొందించారు. సర్వర్ ఇచ్చిన చిన్న సమాచారాన్ని బ్రౌజర్ దాచుకుని, తర్వాతి రిక్వెస్టుతో తిరిగి పంపుతుంది.

సర్వర్‌లో రిక్వెస్టులకు జవాబిచ్చే జావా ప్రోగ్రాములైన సర్వ్‌లెట్లు 1997లో వచ్చాయి. ఒకే వాడుకరి రిక్వెస్టులను కలిపి గుర్తుంచుకునే సెషన్‌ను అవి త్వరలోనే కుకీపై నిర్మించాయి. అసలు డేటా సర్వర్ మెమరీలో ఉంటుంది. బ్రౌజర్ చేతికి జేసెషన్‌ఐడీ అనే గుర్తు మాత్రమే వెళ్తుంది. కుకీలను ఒప్పుకోని బ్రౌజర్ల కోసం ఆ గుర్తును యూఆర్ఎల్ చివర తగిలించే ఏర్పాటూ చేశారు. అది ప్రమాదకరం: లింకును ఇతరులకు పంపితే సెషన్ కూడా వారి చేతికి చిక్కుతుంది.

సెషన్ ఇచ్చిన సౌకర్యమే దాని అసలు సమస్య. ఏ జావా వస్తువునైనా (ఆబ్జెక్టునైనా) పేరు పెట్టి అందులో పడేయవచ్చు కాబట్టి ప్రోగ్రామర్లు అన్నీ అక్కడే పెట్టసాగారు. పేజీ మూసేసినా గడువు తీరేదాకా ఆ భారం మెమరీలోనే ఉంటుంది. ఒకే బ్రౌజర్‌లో రెండు ట్యాబులు తెరిచి రెండు టికెట్లు వెతికితే, రెండింటికీ సెషన్ ఒక్కటే కనుక ఒకదాని వివరాలు మరొకదానిలో కలిసిపోతాయి. సర్వర్లు ఒకటికి నాలుగైతే సెషన్‌ను వాటి మధ్య పంచాలి. అందుకు అందులోని వస్తువులన్నీ సీరియలైజ్ అయ్యేవి, అంటే బైట్లుగా మార్చి పంపగలిగేవి, కావాలి.

2004లో వచ్చిన జేఎస్ఎఫ్ అనే జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్, పేజీ స్థితిని సర్వర్‌లో ఉంచడమో, దాచిన ఫీల్డులో బ్రౌజర్‌కు పంపడమో ఎంచుకోనిచ్చింది. రెండో దారిలో మెమరీ మిగిలింది గానీ, బయటి నుంచి తిరిగొచ్చిన జావా వస్తువులను నమ్మి తెరవడం దాడులకు దారి ఇచ్చింది.

సెషన్‌లోని డేటా ఎంతకాలం ఉండాలనే సంగతిని సూటిగా పట్టుకున్నది గావిన్ కింగ్ ప్రారంభించిన సీమ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్. ఒక పని మొదలైనప్పటి నుంచి ముగిసేవరకే డేటా బతికే 'కన్వర్సేషన్' ఆలోచనను అది తెచ్చింది. ట్యాబుల చిక్కుకు సరైన మందు ఇదే. 2009 చివర్లో జావా ఈఈ 6 ప్రమాణాల్లో భాగమైన సీడీఐ ద్వారా అది ప్రమాణమైంది.

2015లో ప్రమాణమైన జేడబ్ల్యూటీ టోకెన్లతో సమాచారం మళ్లీ క్లయింటు దగ్గరకు వెళ్లింది. టోకెన్‌పై డిజిటల్ సంతకం ఉండటం వల్ల మార్పులు చేస్తే తెలిసిపోతుంది. అయితే గడువుకు ముందే టోకెన్‌ను రద్దు చేయాలంటే ఆ సంగతి సర్వర్ ఎక్కడో రాసుకోవాల్సిందే. అందుకే చాలా అప్లికేషన్లు ఇప్పటికీ స్ప్రింగ్ సెషన్ వంటి వాటితో సెషన్ డేటాను రెడిస్ అనే డేటా స్టోర్‌లో ఉంచి, ఏ సర్వర్‌కు రిక్వెస్టు వెళ్లినా అక్కడినుంచే చదువుతున్నాయి.