షోలాపూరు మగ్గములు - పుణె పరిశోధకులు

మహారాష్ట్రమున స్థిరపడిన తెనుగువారి చరిత్రను వ్రాయబూనినవారు మొట్టమొదట వెదకునవి శాసనములు, గుడుల దానపత్రములు, కులపురాణములు. షోలాపూరు పద్మశాలీల విషయమున వీనికంటె అక్కఱకు వచ్చు ఆధారము వేఱొకటి కలదు. అది తెనుగున లేదు. తెనుగువారు వ్రాసినదియు కాదు. పుణె నగరమందలి గోఖలే రాజనీతి - అర్థశాస్త్ర సంస్థవారు ఇంగ్లీషున ప్రకటించిన పరిశోధన గ్రంథములే ఆ ఆధారము. ఆ గ్రంథములను గూర్చియు, వానిని సిద్ధపఱచిన మనుష్యులను గూర్చియు షోలాపూరు తెనుగువారిలో తెలిసినవారు బహు కొలది.

గోపాలకృష్ణ గోఖలే 1905 జూన్ 12వ తేదీన పుణెలో భారత సేవక సమాజమును స్థాపించెను. స్వల్పవేతనముతో తృప్తిపడి యావజ్జీవము దేశసేవ చేయు విద్యావంతులను తయారుచేయుట దాని ఆశయము. గోఖలే స్వయముగా అంకెలయందు దిట్ట. ఉప్పుపన్నును తగ్గింపవలెనని శాసనసభలో ఆయన వాదించినపుడు ఆవేశముకంటె లెక్కలే ఎక్కువ పనిచేసినవి. ఆయన 1915లో గతించెను. పదునైదేండ్ల పిమ్మట, 1930లో, సాతారా న్యాయవాదియగు రావుబహద్దరు ఆర్. ఆర్. కాళే ఇచ్చిన ధనముతో, సేవక సమాజపు యాజమాన్యమున, గోఖలే పేర ఈ సంస్థ వెలసినది. 1939 జనవరిలో డాక్టరు అంబేద్కరు ఇచటి వార్షికోత్సవమున ఫెడరేషనును విమర్శించుచు చేసిన ఉపన్యాసము ప్రసిద్ధమైనదే.

సంస్థకు ప్రాణము పోసినవాడు ధనంజయ రామచంద్ర గాడ్గిల్. 1901లో నాసికున జన్మించి కేంబ్రిడ్జిలో చదివెను. భారతదేశపు పారిశ్రామిక పరిణామమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1924లో, ఆయనకు ఇరువదిమూడేండ్ల వయసున, అచ్చయినది. సూరతున కళాశాల ప్రిన్సిపాలు పదవిని వదలుకొని 1930లో ఈ క్రొత్త సంస్థకు డైరెక్టరుగా వచ్చెను. 1966 వఱకు ముప్పదియాఱేండ్లు ఆ బాధ్యతయందే యుండెను. పరదేశపు సిద్ధాంతములను ఇచటి బ్రతుకులకు అతికించుటకంటె ఇచటి బ్రతుకులను ముందుగా చూచి వ్రాసికొనుట మేలని ఆయన పద్ధతి. గోదావరి, ప్రవరా కాలువలవలన రైతునకు, వర్తకునకు, సర్కారునకు కలిగిన లాభమెంతయో లెక్కించి 1948లో ఒక గ్రంథము ప్రకటించెను. రాజమహేంద్రవరమున, యానామున తెనుగువారు మునుకలిడు నది అదియే. ధవళేశ్వరమున ఆనకట్ట కట్టిన కాటను దొరకు దిగువవారు విగ్రహములు నిలిపిరి; ఎగువ కాలువల నీటికి చిట్టా వ్రాసినవానిపేరు మాత్రము వారి చెవిన పడలేదు. చిట్టా వ్రాసి ఊరకుండువాడును కాడు గాడ్గిల్. లోణీ గ్రామమున విఠలరావు విఖే పాటిల్ తోడి రైతులను కూడగట్టి సహకార చక్కెర కర్మాగారము నెలకొల్పినపుడు, దానికి తొలి అధ్యక్షుడై వెన్నుదన్నుగా నిలిచెను. 1967లో ప్రణాళికా సంఘపు ఉపాధ్యక్షుడై, రాష్ట్రములకు కేంద్రసహాయమును పంచు సూత్రమును 1969లో రూపొందించెను. 1971 మే నెలలో ఆ పదవిని విడిచి ఢిల్లీనుండి తిరిగివచ్చుచు రైలులోనే కన్నుమూసెను.

గాడ్గిల్ ఒక్కడే సంస్థ కాదు. ఎన్. వి. సోవనీ, వి. ఎం. దాండేకర్, జనాభా శాస్త్రమున పేరొందిన కుముదినీ దాండేకర్ మొదలగు పండితులు ఇచట పనిచేసిరి. వారి వెనుక, ముఖపత్రముపై పేరెక్కని విచారకులు, అంకెలు కూడువారు ఎందఱో యుండిరి. పుణె నగరపు సాంఘికార్థిక పరిశీలన 1936-37లో జరిగెను. మొదటి భాగము 1945లోను, రెండవది 1952లోను వెలువడెను. ఆ నగరమునే మరల పరిశీలించి సోవనీ ప్రభృతులు 1956లో ఇంకొక గ్రంథము ప్రకటించిరి. ఏరుకొన్న ఇండ్లకు పోయి, ప్రశ్నలపట్టిక ముందుంచుకొని, ఇంట ఎందఱు, ఎవరేమి పని చేయుదురు, రాబడి ఎంత అని అడిగి వ్రాసికొనుట ఈ పని. వినుటకు తేలికగా తోచును. కాగితము చేతబట్టి గుమ్మమున నిలుచువాడు పన్నువాడో అప్పులవాడో యని గృహస్థు జంకుట సహజము. రాబడి తగ్గించి చెప్పును, అప్పు దాచును, కూతురి పెండ్లికి చేసిన ఖర్చు మాత్రము హెచ్చించి చెప్పును. నిజమును రాబట్టుటకు ఓర్పు కావలెను, ఇరుగుపొరుగుల నమ్మకము కావలెను.

ఇక షోలాపూరు. 1860 ప్రాంతమున పుణెనుండి రైలుమార్గము వచ్చుటతో ఈ ఊరు నూలునకు, బట్టకు పెద్ద సంత అయ్యెను. 1870 తరువాతి దశాబ్దమున మిల్లులు లేచుట ఆరంభమయ్యెను. నిజాము రాజ్యపు తెలంగాణమునుండి పద్మశాలీలు, కఱవుచే కొందఱు, కూలి ఆశచే కొందఱు, ఈ త్రోవనే పట్టిరి. తూర్పు పేటలలో గుంటమగ్గములు పాతుకొని, మరాఠీ స్త్రీలు కట్టు తొమ్మిది గజముల రంగుచీరలు నేసిరి. ఇంట తెనుగు, అంగడిలో మరాఠీ మాటలాడిరి. మార్కండేయునకు గుడి కట్టి, శ్రావణ పూర్ణిమనాడు రథము నూరేగించుట అలవాటు చేసికొనిరి.

కుల సంఘముల సంచికలు ఈ మాత్రము చెప్పి ఆగును. పుణె పరిశోధకులు ఆగలేదు. సంస్థ ప్రకటించిన ఎన్. ఎం. జోషీ గ్రంథము, బొంబాయి దక్కనులోని పట్టణ చేతిపనులను గూర్చినది, 1936లో వచ్చెను. ఆర్. జి. కాకడే షోలాపూరు నేతకులములనే ప్రత్యేకముగా పరిశీలించి వ్రాసిన గ్రంథము 1947లో, సంస్థ ప్రచురణలలో 14వదిగా, వెలువడెను. 1965లో గాడ్గిల్ షోలాపూరు నగరమును గూర్చి మఱియొకటి ప్రకటించెను. ఒక తెనుగు కులపు బ్రతుకును, మరాఠీ నగరమున, వరుసగా మూడు దశాబ్దములు ఒకే సంస్థవారు పరిశీలించుట అరుదైన విషయము.

ఈ గ్రంథముల పుట తిప్పినవారికి మొదట ఎదురగునది కార్ఖానా. ఇల్లు కాదు, మిల్లు కాదు. ఈ రెంటి నడిమి వ్యవస్థ అది. కొంత కూడబెట్టిన నేతగాడు ఒక కొట్టమున మగ్గములు వేయించి, పల్లెలనుండి వచ్చిన తన కులమువారినే కూలికి పెట్టుకొనును. కూలివాడు ముందుగా బయానా పుచ్చుకొనును. పెండ్లికి, చావునకు మరల పుచ్చుకొనును. అది తీరువఱకు ఆ కొట్టము విడువరాదు. చాలమందికి అది తీరలేదు. యజమానియు కూలియు ఒకే కులము, ఒకే భాష, ఒకే దేవుని రథమును లాగినవారు. అయినను ఒకడు ఇచ్చువాడు, ఒకడు పుచ్చుకొనువాడు. ఈ మాట సంచికలలో కనబడదు. కనబడకుండుటకు కారణమును వెదక నక్కఱలేదు: సంచికలు అచ్చువేయించినవారు, సహజముగనే, ఇచ్చినవారి వంశమువారు. బయానా తీర్చలేనివారి మనుమలు తాతల సంగతి తెలిసికొనవలెనన్న, పుణె గ్రంథములే దిక్కు.

అట్లని ఆ గ్రంథములను వేదవాక్యములని తలపరాదు. ఇంగ్లీషు పట్టికలలోనికి తెనుగు ఇంటి మాట చేరునప్పటికి, నడుమ మరాఠీ త్రోవ నడిచి, కొంత అరుగును. ముఖ్యముగా ఆడువారి పని. నేయువాడు ఒకడైనను, వానికి ఆసు పోయుట, కండెలు చుట్టుట, పడుగునకు గంజి పెట్టుట ఇంటిల్లిపాది చేతుల పని. “ఏమమ్మా, నీవేమి పని చేయుదువు?” అని అడిగినచో, ప్రొద్దుపొడుపునుండి రాట్నము వదలని ఇల్లాలు “నాకేమి పని, ఇంటనే యుందును” అని చెప్పును. అడిగినవాడు అట్లే వ్రాసికొనినచో, ఒక జత చేతులు లెక్కనుండి జాఱిపోయినట్లే. ఇది ఏ ఒక్క పరిశోధకుని లోపమును కాదు; దేశమున జనాభా లెక్కలవారికిని నేటివఱకు తీరని చిక్కు.

దాండేకర్, ఓఢ్రుడగు నీలకంఠ రథ్‌తో కలసి 1971లో ప్రకటించిన పేదఱిక పరిశోధన ఈ సంస్థకు దేశమంతటను పేరు తెచ్చెను. మనిషికి దినమునకు 2,250 కెలోరీల ఆహారము కొలతగా పెట్టి చూడగా, 1960-61లో పల్లెలలో నూటికి సుమారు 40 మంది, పట్టణములలో సుమారు 50 మంది ఆ మాత్రమునకును నోచుకొనలేదని తేలెను. పల్లెకంటె పట్టణమున ఎక్కువ యనుట పలువురకు వింతగా తోచినది. షోలాపూరు తూర్పు పేటలవారికి తోచియుండదు.

చేమగ్గములు క్రమముగా మఱమగ్గములకు చోటిచ్చినవి. చీరలు పోయి దుప్పట్లు, తువాళ్లు వచ్చినవి. తెనుగు స్త్రీలు వేలకొలదిగా బీడీల పనికి మఱలిరి. బీడీలు చుట్టు స్త్రీలకై నగరపు పొలిమేర కుంభారికడ కట్టిన పదివేల ఇండ్ల పేటను 2006లో ప్రధాని మన్మోహన్ సింగు ప్రారంభించెను. దానికి గోదూతాయి పరులేకర్ పేరు పెట్టిరి. వార్లీ గిరిజనుల పోరాటమును నడపిన కమ్యూనిస్టు నాయకురాలిగా ఆమె ప్రసిద్ధురాలు. అంతకు పూర్వము ఆమె గోఖలే స్థాపించిన భారత సేవక సమాజమున యావజ్జీవ సభ్యురాలిగా చేరిన తొలి స్త్రీ. సమాజమును ఆమె విడిచెను. పుణె సంస్థ మాత్రము ఆ సమాజపు నీడనే పెరిగి, 1993లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందెను. దాని గ్రంథాలయమునకు గాడ్గిల్ పేరు పెట్టిరి. అందలి పాత పుస్తకములు పెక్కు ఇపుడు అంతర్జాలమునను చదువవచ్చును. వానిలో షోలాపూరు నేతగాండ్రను గూర్చిన ఆ మూడు గ్రంథములను తెనుగు చేయు పని ఇంకను మిగిలియున్నది.