సూర్యలంక తీరం – మందుకు లొంగని సూక్ష్మజీవి



కార్తీకమాసంలో సముద్రస్నానానికి బాపట్ల నుంచి సూర్యలంక వెళ్ళే దారి మనలో చాలామంది ఎరిగినదే. 1990 తరువాత ఈ తీరం పొడుగునా, నిజాంపట్నం, రేపల్లె వైపు, రొయ్యల చెరువులు వెలియడం కూడ కళ్ళారా చూశాము. ఆ చెరువులకూ, మన ఇంట్లోని మందుల డబ్బాకూ ఒక చుట్టరికమున్నది. ఆ కథ ఒక తెలుగువాని ప్రయోగశాల దగ్గర మొదలవుతుంది.

1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతి అయ్యారు. అక్కడ పనిచేసిన బెంజమిన్ డగ్గర్, మిస్సోరీ నుంచి వచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందు తీశారు. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి అది పెద్దకొడుకు. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఆ మందునే కోళ్ళ మేతలో కొద్దిగా కలిపితే అవి త్వరగా బరువెక్కుతాయని అదే సంస్థలోని థామస్ జూక్స్ బృందం 1950లో ప్రకటించింది. రోగం లేని జీవికి మందు పెట్టే అలవాటు అలా వ్యాపించింది.

అందులో చిక్కేమిటి? కోట్లాది బాక్టీరియాలలో ఏ ఒక్కదానికో పుట్టుకలోనే మార్పు వచ్చి, మందుకు తట్టుకునే శక్తి ఉంటుంది. మందు మిగతావాటిని చంపి దానికి చోటు ఖాళీ చేస్తుంది. 20 నిమిషాలకొకసారి రెట్టింపయితే, ఆ ఒక్కటే 7 గంటల్లో 20 లక్షలు దాటుతుంది. పైగా ఆ శక్తిని ఒక జాతి బాక్టీరియా మరొక జాతికి అందించగలదని 1959లో జపాన్ శాస్త్రజ్ఞులు జిగట విరేచనాల క్రిములలో కనుగొన్నారు. చెరువులో నేర్చిన విద్య మనిషి ఒంటిలోని క్రిమికీ చేరవచ్చునన్నమాట.

1994–95లో తూర్పు తీరపు టైగర్ రొయ్యను తెల్లమచ్చ వ్యాధి తుడిచిపెట్టింది. అది వైరస్. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపుతుందేగాని వైరస్‌ను చంపదు. అయినా అప్పు తెచ్చి చెరువు తవ్విన రైతు, చేతికందిన మందల్లా చల్లాడు. కళ్ళెదుట పంట పోతున్నవానిని నిందించడం తేలిక. సరైన మాట చెప్పేవారు అతనికి కరవయ్యారు. రొయ్య బ్రతకలేదు, నీటిలోని బాక్టీరియాకు మాత్రం పాఠం అందింది.

2002లో క్లోరాంఫెనికాల్ వంటి మందులను రొయ్యల సాగులో మన దేశం నిషేధించింది. 2016లో ఐరోపా సమాఖ్య, మన సరుకులో పరీక్షించే వంతును నూటికి 10 నుంచి 50కి పెంచింది. ఆస్పత్రులలో చివరి ఆయుధంగా దాచుకునే కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్ళకు, ఆక్వా సాగులో వాడరాదని 2019లో ఉత్తర్వులు వచ్చాయి.

ఇక మన వంతు. జలుబు కూడ వైరస్ వల్ల వచ్చేదే. దానికి డబ్బాలో మిగిలిన పాత మాత్ర వేసుకోవడమూ, తెల్లమచ్చకు చెరువులో మందు చల్లడమూ ఒకటే పని. డాక్టరు రాస్తేనే వాడుదాము, చెప్పినన్ని రోజులు వాడుదాము. మన ప్రాణం నిలిపిన మందు, రేపు మన మనవలకూ పనిచేయాలి గదా!