గోదావరి సీమ: ప్రయాణములు, ఇంధనములు

ఇంటికి మోటారు సైకిలు తెచ్చినను, కారు తెచ్చినను ఇరుగుపొరుగువారు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "లీటరుకు ఎంత యిచ్చును?" ఈ ప్రశ్న నిన్న మొన్న పుట్టినది కాదు. ఎంత బరువును, ఎంత దూరము, ఎంత ఖర్చుతో తరలింపగలము అను విచారము గోదావరి డెల్టాలో నూటడెబ్బది ఏండ్లుగా సాగుచునే యున్నది. దానికి దొరకిన సమాధానము మారినప్పుడెల్ల ఈ సీమ రాకపోకలును మారినవి. ఆ కథను ఒకసారి నెమరు వేసికొని, రేపటి ఇంధనమును గూర్చి అది మనకేమి చెప్పునో చూతము.

ధవళేశ్వరమున ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. కాటను దొరను మనము సాగునీటి దాతగానే తలచుకొందుము. కాని ఆయన తలపున కాలువకు రెండు పనులు గలవు: పొలమునకు నీరీయవలెను, పడవకు బాట కావలెను. అందువలననే ప్రధానమైన కాలువలపై లాకులు కట్టిరి. నీటిమట్టము మారుచోట తలుపులు మూసి, నీరు నింపియు తీసియు, పడవను మెట్లు ఎక్కించినట్లు ఎక్కించి దింపు ఏర్పాటది. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కృష్ణ కాలువలు, బకింగుహాము కాలువ ఒకదాని నొకటి అందుకొనగా, కాకినాడ నుండి మద్రాసు వరకు నీటిబాట యేర్పడెను.

ఆ పడవలకు ఇంధనమేది? గాలి వాటముగా నున్నచో తెరచాప; లేనిచో గెడ; అదియు చాలనిచో గట్టువెంట తాడు పట్టి నడచు మనుష్యులు. ఇంత కొద్ది బలముతో అంత బరువెట్లు కదలెడిదని సందేహము కలుగవచ్చును. నెమ్మదిగా పోవు పడవకు నీరు అడ్డుపడుట మిక్కిలి స్వల్పము. ఇంగ్లండు కాలువలలో, బాటమీద ఒకటి రెండు టన్నులు లాగు గుఱ్ఱమే ముప్పది టన్నుల పడవను లాగెడిది. అనగా యంత్రమును బాగు చేయుటకు ముందే మార్గమును బాగు చేసిరన్న మాట. అయితే ఈ పొదుపులో ఒక లెక్క వదలిపెట్టబడినదని మేము మరువజాలము. తాడు లాగినవాని భుజము ఎంత కాసెనో ఏ పద్దులోను వ్రాయబడలేదు.

పడవ వేగము పెరిగినకొలది నీటి అడ్డు కూడ త్వరత్వరగా పెరుగును. అందుచేత కాలువ ఎంత చౌకయైనను త్వరపడువారికి అక్కరకు రాదు. 1890లలో రైలుబాట ఈ జిల్లాలకు వచ్చెను. భారతదేశమునకు రైళ్లకంటె కాలువలే మేలని ఇంగ్లండులో ఏండ్ల తరబడి వాదించిన కాటను 1899లో కన్నుమూసెను. మరుసటి యేడు, 1900లో, రాజమహేంద్రవరమున గోదావరిపై హేవ్‌లాకు వంతెనమీద రైలు నడచెను. బొగ్గునకును మనము దూరము పోనక్కరలేకపోయెను. గోదావరి లోయయందే, ఇల్లెందులో, 1889 నుండి బొగ్గు త్రవ్వుచుండిరి.

ఆవిరి రైలింజను మాత్రము పొదుపు ఎరుగని యంత్రము. బొగ్గునందలి వేడిని నూరు పాళ్లుగా ఎంచినచో, అందు పది పాళ్లయినను చక్రములకు చేరవు. కుండలోని యెసరు కాగుటకంటె పొయ్యిగోడలు కాగుటయే హెచ్చయిన వంటవంటిదది. అయినను రైలే గెలిచినది. ఏలయన జనులు కోరుకొన్నది ఇంధనమును గాదు, కాలమును. ఈ సత్యమును మరచి వేసిన ఏ ప్రణాళికయు నిలువలేదు.

ఇంతలో యూరపులో మరియొక యంత్రము పుట్టినది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీయందలి ఆగ్స్‌బర్గులో చూపిన ఇంజను, ఇంధనపు వేడిలో నూటికి సుమారు 26 పాళ్లను పనిగా మార్చెను. గాలిని మిక్కుటముగా అణచినచో అది కాగును. ఆ వేడికే నూనె తానై అంటుకొనును. ఎంత అణచిన అంత ఫలము, సూత్రమింతే. నేటి మంచి లారీ యింజను నూటికి నలుబది పాళ్లకు మించి రాబట్టుచున్నది. మిగిలినది పొగగొట్టము వెంటను, రేడియేటరు వెంటను గాలిలో కలియుచున్నది.

మన బస్సులకు తొలి గట్టి పరీక్ష రెండవ ప్రపంచ యుద్ధమున వచ్చినది. 1942లో బర్మా జపానువారి వశమగుటతో అచటి నూనె మనకు అందకపోయెను. అప్పుడు బస్సులకు కట్టెబొగ్గు పొయ్యిలు తగిలించిరి. చాలీచాలని గాలితో బొగ్గు మండగా పుట్టు వాయువును ఇంజనుకు పట్టించెడివారు. పెట్రోలు కొరకు చేసిన ఇంజను ఈ వాయువుతో తన బలములో మూడవ వంతో, అంతకు మించియో కోల్పోయెడిది. ప్రయాణమునకు ముందు చాలసేపు పొయ్యి రాజబెట్టవలెను. మిట్ట వచ్చినచో ప్రయాణికులు దిగి నడువవలెను. అయినను బస్సు నడచినది. యుద్ధము ముగిసి పెట్రోలు దొరకగానే ఆ పొయ్యిలు మూలబడినవి. వానితోపాటు ఆ పాఠమును మూలబడినది. ఇంజను ఒకదానికి, ఇంధనము మరొకదానికి అయినచో నష్టము తప్పదనుటయే ఆ పాఠము.

1974లో కొవ్వూరు, రాజమహేంద్రవరముల నడుమ రైలును బాటయు గల వంతెన తెరువబడినది. లారీ నేరుగా నది దాటెను. కాలువలపై పడవలు తగ్గిపోయి, పూడికయు గుఱ్ఱపుడెక్కయు మిగిలినవి. ఇందొక వింత గలదు. ఇంజను ఆవిరియంత్రముకంటె నాలుగు రెట్లు మెరుగైనది. కాని నీటిపై తేలిపోవలసిన ఇటుకలును ధాన్యమును చక్రములపై కెక్కినవి. యంత్రమున మిగిల్చినది మార్గమున పోగొట్టుకొంటిమి.

ఆ తరువాత ఇంధనము మన కాళ్లక్రిందనే బయటపడినది. 1970ల చివర నరసాపురము కడ మొదలైన అన్వేషణ సహజవాయువును చూపెను. డెల్టా తలరాత మారునని అందఱును తలచిరి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఒక బావి అదుపు తప్పి అరువదియైదు దినములు మండెను. 2014 జూన్ 27న నగరము గ్రామమున వాయువు గొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. కొబ్బరితోటల నడుమ, ఇండ్ల నడుమ పోవు ఇంధనమునకు కాపుదల కూడ దాని ఖరీదులో భాగమే యని ఆ రెండు దినములును చాటినవి.

లెక్కల పాఠము సముద్రమునుండి వచ్చినది. 2002లో తీరమునకు ఆవల కనుగొన్న డీ-6 క్షేత్రము 2009లో వాయువు నీయ నారంభించి, 2010లో దినమునకు ఆరు కోట్ల ఘనపు మీటర్ల మేర ఇచ్చెను. 2013 చివరకు అది ఒకటిన్నర కోటికి లోపునకు జారెను. ఆ వాయువును నమ్మి కట్టిన విద్యుత్కేంద్రములు పనిలేక నిలిచినవి. భూమిలో నున్నదాని అంచనాను చేతిలో నున్న ధాన్యముగా కొలువరాదు.

నేడు పెట్రోలులో ఇథనాలు కలుపుచున్నారు. 2025 నాటికి దేశమున ఆ పాలు నూటికి ఇరువదికి చేరినది. లీటరు ఇథనాలునందు లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులే యుండును. కావున ఈ మిశ్రమమున లీటరుకు ఆరేడు పాళ్ల శక్తి తగ్గును. అయితే ఇథనాలు హెచ్చు అణచివేతకు తాళగలదు. దానికై ప్రత్యేకముగా రూపొందించిన ఇంజను ఆ లోటును కొంత పూడ్చుకొనగలదు. బొగ్గుబస్సు పాఠమే మరల ఎదురగుచున్నది. ఇక, టన్ను నూకలనుండి సుమారు 450 లీటర్ల ఇథనాలు వచ్చును. ఆ గింజ వెనుక కాలువ నీరు గలదు, ఎరువు గలదు. అన్నపు కంచమును ఇంధనపు తొట్టియు ఒకే పొలమును అడుగునాడు, ఏది ముందో వరిసీమవారు ఆలోచింపకున్న మరెవ్వరు ఆలోచింతురు?

విద్యుత్ మోటారు తనకు అందిన శక్తిలో నూటికి ఎనుబదియైదు పాళ్లకు మించి పనిగా మార్చును. కాని ఆ కరెంటు బొగ్గు కేంద్రమునుండి వచ్చినచో, మండిన వేడిలో మూడవ వంతు మాత్రమే తీగలోనికి చేరినదని జ్ఞాపకముంచుకొనవలెను. కొలుచుట బావినుండి, పొలమునుండి, గనినుండి మొదలు కావలెను, తొట్టినుండి గాదు.

కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు నీటిబాటను 2008లో నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. తొందరలేని బరువులను, ఇసుకను, ఇటుకను, ధాన్యమును, కాలువలకు మరల అప్పగించుట సాధ్యమే. ఈసారి తాడు లాగవలసినది మనుష్యుడు గాదు. చిన్న విద్యుత్ మోటారు చాలును. త్వరపడు ప్రయాణములకు రైలు, తప్పనిచోట లారీ. ఏ పనికి ఏ మార్గము, ఏ మార్గమునకు ఏ యంత్రము, ఏ యంత్రమునకు ఏ ఇంధనమని ఈ మూటిని కలిపి ఆలోచించుటయే ప్రణాళిక. మన యింటి బండి చక్రములలో గాలి సరిగా నుంచుకొనుట కూడ ఆ పనిలోనిదే. అదియు రాపిడిని తగ్గించి మార్గమును బాగుచేయుటయే గదా!

ఇకపై ఇరుగుపొరుగువారు "లీటరుకు ఎంత యిచ్చును?" అని అడిగినప్పుడు, ఆ లీటరు ఎచటినుండి వచ్చినదని కూడ మనము కలిపి అడుగుదము.