లోకాంతర ప్రణయ కథలు

ఒక లోకానికి చెందిన పురుషుడు, వేరొక లోకానికి చెందిన స్త్రీ, ఒకరినొకరు ఎరుగనివారై కలుసుకొని ప్రేమించుకొన్న కథలు నేడు విజ్ఞాన కల్పనా సాహిత్యంలో ఒక ప్రత్యేక శాఖగా పరిగణింపబడుతున్నవి. ఈ శాఖ అమెరికాలోని చవుక కథాపత్రికలలో పెరిగి పెద్దదైన మాట నిజమే. కాని ఇతివృత్తం మాత్రం భారతీయ పాఠకునికి కొత్తది కాదు. ప్రాచీనమైన కథను, నవీనమైన కథలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినప్పుడు ఒక విషయం స్పష్టమవుతున్నది. ఈ ప్రేమికులను విడదీసేది దూరం కాదు. ఎదుటివారి లోకంలో చెల్లే నియమాన్ని తెలుసుకోకపోవడం, తెలిసినా నిలుపుకోలేకపోవడం వారిని విడదీస్తున్నవి.

ఋగ్వేదం పదవ మండలంలోని 95వ సూక్తం 18 ఋక్కుల సంవాదం. మాట్లాడేవారు పురూరవుడు, ఊర్వశి. అప్పటికే వియోగం జరిగిపోయినది. అతడు ఉండుమని వేడుకొంటాడు, ఆమె మరలి పొమ్మంటుంది. వారు ఎందుకు విడిపోయినారో శతపథ బ్రాహ్మణం వివరిస్తున్నది. అప్సరస అయిన ఊర్వశి మానవుడైన రాజుతో కాపురానికి అంగీకరిస్తూ కొన్ని నియమాలు పెట్టినది. వానిలో రెండు ముఖ్యమైనవి. తనకు ఇష్టం లేనప్పుడు అతడు తనను సమీపించరాదు. అతడు దిగంబరుడుగా తన కంటబడరాదు. ఆమెను తిరిగి రప్పించుకోదలచిన గంధర్వులు ఆమె మంచానికి కట్టిన గొఱ్ఱెపిల్లలను రాత్రివేళ అపహరించినారు. ఇంట మగవాడే లేడా అన్నట్లు ఆమె ఆక్రోశించినది. వస్త్రం ధరించే వ్యవధి లేక రాజు పడకనుండి దుమికినాడు. గంధర్వులు మెరుపు మెరిపించినారు. ఆ వెలుగులో ఆమె అతనిని చూచినది, ఆ క్షణమే మాయమైనది.

ఈ కథ శృంగారాన్ని దాచలేదు. ఒప్పందమంతా శరీరాన్ని గూర్చినదే. రెండున్నర వేల సంవత్సరాలకు పైబడిన ఆ గ్రంథంలో స్త్రీ ఇచ్ఛ దాంపత్యానికి నియమంగా చెప్పబడడం గమనింపదగినది. ముగింపు మరింత విశేషమైనది. పురూరవుడు ఊర్వశిని మరల తన లోకానికి దింపుకోలేదు. గంధర్వులు చెప్పిన విధంగా అరణి మథించి అగ్నిని పుట్టించి, తానే గంధర్వుడైనాడు. మారవలసి వచ్చినది రాజే.

కాళిదాసు విక్రమోర్వశీయంలో ఈ నియమం పడకనుండి ఊయలకు మారినది. రాజు తన కుమారుని ముఖం చూచునంతవరకే ఊర్వశి భూమిపై ఉండవచ్చునని ఇంద్రుని ఆజ్ఞ. అందుచేత ఆమె బిడ్డను చ్యవనాశ్రమంలో దాచినది. చివరకు నారదుడు వచ్చి, రాజు జీవించియున్నంతకాలం ఆమె అతనితో ఉండవచ్చునన్న ఇంద్రుని మాట వినిపిస్తాడు. రానున్న దేవాసుర యుద్ధంలో రాజు సహాయం అవసరం కనుక స్వర్గం తన నియమాన్ని సడలించుకొన్నది.

ఇక నవీన కథలకు వద్దాము. 1877లో ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు స్కియాపరెల్లి అంగారకునిపై సన్నని గీతలు కనిపించినవని ప్రకటించినాడు. అవి బుద్ధిజీవులు త్రవ్విన కాలువలని అమెరికాలో పెర్సివల్ లోవెల్ ప్రచారం చేసినాడు. అంతట అంగారకుడు ప్రేమకథలకు యోగ్యమైన స్థలమైనాడు. 1912లో ఎడ్గార్ రైస్ బరోస్ ఒక పత్రికలో ధారావాహికంగా ప్రకటించిన నవలలో వర్జీనియాకు చెందిన జాన్ కార్టర్ అనే సైనికుడు అంగారకుని చేరి, దేజా థోరిస్ అనే రాకుమారిని ప్రేమిస్తాడు. అతడు అక్కడి భాషను త్వరలోనే నేర్చినాడు, ఆచారాన్ని నేర్వలేదు. ఆమె కొరకు పోరాడి గెలిచిన పిమ్మట, పరిణయం మాట ఎత్తకుండానే, ఆమెను తన రాకుమారి అని సంబోధించినాడు. ఆ లోకంలో ఆ సంబోధనకు గల అర్థం వేరు. ఆమె అవమానపడి మాటలాడడం మానివేసినది. కారణం అతనికి ఆమెయే చెప్పగా చాల ఆలస్యంగా తెలిసినది.

ఈ జాతి కథలలో శరీరసంబంధాన్ని వెనుదీయక చిత్రించినది ఫిలిప్ హోసే ఫార్మర్ వ్రాసిన ‘ది లవర్స్’. ప్రముఖ సంపాదకులు ఇద్దరు నిరాకరించిన తరువాత, 1952 ఆగస్టులో అది స్టార్ట్లింగ్ స్టోరీస్ పత్రికలో వెలువడినది. కఠినమైన మతపాలనలో పెరిగిన హాల్ యారో భాషావేత్తగా ఓజగెన్ అనే గ్రహానికి పోయి, అక్కడ దాగియున్న జానెట్ అనే స్త్రీతో రహస్యంగా కాపురం చేస్తాడు. నిజానికి ఆమె మానవజాతి స్త్రీ కాదు, కీటకవంశంనుండి మనుష్యరూపం పొందిన జాతికి చెందినది. ఆ జాతికి రచయిత పెట్టిన పేరు ‘లలిత’. ఆమె ప్రతిదినం ఒక మద్యం సేవిస్తుంది. అది గర్భనిరోధకం, గర్భం ధరిస్తే ఆమె జాతి స్త్రీకి మరణం తప్పదు. ఈ సంగతి ఆమె చెప్పలేదు, అతడు అడగలేదు. అది దురభ్యాసమని భావించి, ఆమె మేలు కోరియే, రహస్యంగా ఆ పానీయాన్ని మార్చివేసినాడు. ఆమె గర్భవతియై మరణించినది. ఎన్నో భాషలు నేర్చిన వాడు ఒక్క ప్రశ్న అడగలేకపోయినాడు. అనువాద వృత్తిలో ఉన్నవారు ఈ కథను మరువలేరు. పదానికి పదం దొరకుతుంది. ఆ పదం వెనుక ఉన్న జీవితం అడిగి తెలుసుకోవలసినదే.

ఇవి గగనకుసుమాలని త్రోసివేయడానికి వీలులేదు. ఫార్మర్ కథ వెలువడిననాడు అమెరికాలోని అనేక రాష్ట్రాలలో తెల్లవారికి, నల్లవారికి మధ్య వివాహం నేరం. 1967లో సర్వోన్నత న్యాయస్థానం కొట్టివేసేనాటికి కూడ 16 రాష్ట్రాలలో అట్టి శాసనాలు మిగిలియున్నవి. మన దేశంలో 1954నాటి ప్రత్యేక వివాహ చట్టం వేర్వేరు మతాలవారి పెండ్లికి త్రోవ చూపినది. కాని దాని క్రింద 30 దినాల ముందు నోటీసు ఇచ్చి ప్రకటించవలసి ఉన్నది. ఇల్లు విడిచివచ్చిన జంటకు ఆ 30 దినాలు ఎంత దీర్ఘమైనవో చెప్పనక్కరలేదు.

పురూరవుని కథకు మన కాలంలో హిందీలో పునర్జన్మ కలిగినది. రామ్‌ధారీ సింహ్ దినకర్ 1961లో ప్రకటించిన ‘ఊర్వశి’ కావ్యనాటకానికి 1972వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం లభించినది. శరీరప్రేమనుండి అతీతమైన ప్రేమకు దారి ఉన్నదా అన్నది అందలి ప్రశ్న. దీనిని భగవత్‌శరణ్ ఉపాధ్యాయ తీవ్రంగా విమర్శించగా, హైదరాబాదునుండి బదరీవిశాల్ పిత్తీ నడిపిన ‘కల్పన’ హిందీ పత్రిక 1964 జనవరి సంచికలో పెద్ద చర్చ సాగినది. చర్చ ఎట్లున్నను, కావ్యంలో మనసును కలచేది మహారాణి ఔశీనరి. ఊర్వశి స్వర్గానికి పోయినది, రాజు సన్న్యసించినాడు. భూమిపై మిగిలి, పరస్త్రీ కన్న బిడ్డను తన బిడ్డగా స్వీకరించినది ఆమెయే. లోకాంతర స్త్రీతో ఒప్పందం చేసుకొన్న రాజు, ఇంట అంతకుముందే చేసిన ఒప్పందాన్ని మరచినాడు.

2014లో వచ్చిన ‘పీకే’ అనే హిందీ చిత్రంలో పరదేశి పురుషుడే. వేరొక గ్రహంనుండి వచ్చిన అతడు జగ్గు అనే యువతిని ప్రేమిస్తాడు. ఆమె ఒక పాకిస్తానీ యువకుని ప్రేమించి, ఒక ఉత్తరాన్ని తప్పుగా గ్రహించి, అతడు తనను విడిచిపెట్టినాడని నమ్మినది. అతనిని అడగలేదు. అడిగించినవాడు ఈ గ్రహాంతరవాసియే. ఆమె మనసు ఎవరిదో తెలిసి, తన మాట చెప్పకుండానే, ఆమె కంఠస్వరం నిండిన టేపులతో అతడు తన లోకానికి మరలిపోయినాడు.

1965లో మారినర్ 4 పంపిన ఛాయాచిత్రాలతో కాలువల అంగారకుడు అంతరించినాడు. 1995లో సూర్యుని వంటి వేరొక నక్షత్రం చుట్టు తిరిగే గ్రహం కనుగొనబడినది. నేటికి అట్టి గ్రహాలు 5,000కు మించి తెలిసినవి. వానిలో దేనియందును ప్రాణి ఉన్నట్లు రుజువు కాలేదు. కనుక ఈ కథలలోని పరలోకవాసి ఎవరో వెదకవలసినది మన వీథిలోనే. అట్టివారితో జీవితం పంచుకోదలచిన వారికి శతపథ బ్రాహ్మణంలోని ఊర్వశి పెట్టిన నియమం నేటికిని చాలును: నా ఇష్టం తెలుసుకొని రమ్మని.