ఇంటి గొట్టం ఎక్కడికి పోతుంది?



మన వేమగల్ ఇప్పుడు పల్లె అనడానికీ లేదు, పట్నం అనడానికీ లేదు. పారిశ్రామిక ప్రాంతం వచ్చింది. వేమగల్-కురుగల్ పట్టణ పంచాయతీ ఏర్పడింది. రాగి పండిన చేలల్లో సైట్లు వేసి ఇళ్లు కడుతున్నారు. ఇల్లు కట్టేవారు ముందు వాస్తు అడుగుతారు, తరువాత బోరు, ఆ తరువాత కరెంటు. మురుగునీరు ఎక్కడికి పోవాలన్నది గృహప్రవేశం దగ్గర పడితే గాని గుర్తుకు రాదు. ఈ చిన్న ప్రశ్న వెనుక మన జిల్లాలో పెద్ద చరిత్రే ఉంది. ఈ రోజు దాన్ని చెప్పుకుందాం.

మన తాతల కాలంలో ఇంట్లో మరుగుదొడ్డి ఉండటమే అశుచి అనుకునేవారు. చెంబు పట్టుకుని చేల గట్లకు పోయేవారు. ఆడవాళ్లు చీకటి పడేదాకా ఓర్చుకోవలసి వచ్చేది. మన వైపు తెలుగువారూ కన్నడిగులూ వాడే 'కక్కసు' అనే మాట డచ్చివారి భాష నుంచి వచ్చిందని చెబుతారు. మాట పరదేశానిదైనా, దాన్ని శుభ్రం చేసే బాధ్యతను మాత్రం మనం మన కులవ్యవస్థకే అప్పగించాం.

ఇందుకు సాక్ష్యం దగ్గరలోనే ఉంది. కోలారు బంగారు గనులను 1880లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టింది. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి, ఇంచుమించు 150 కిలోమీటర్ల దూరం తీగలు లాగి, అక్కడికి విద్యుత్తు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తరువాతే, 1905లో. బేతమంగళం నుంచి గొట్టాల్లో నీరు వచ్చింది. గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. ఇంత విద్య తెలిసిన ఆ ఊళ్లో, కూలీలు ఉండే లైన్లలో మాత్రం 1990ల దాకా నీళ్లులేని కక్కసులే ఉండేవి. అందులోని మలాన్ని మనుషులే బక్కెట్లతో ఎత్తి మోసేవారు. ఆ పని చేసినవారు దళితులు. వారిలో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

అలాంటి తెలుగు కుటుంబంలో 1966లో పుట్టిన వారే బెజవాడ విల్సన్. ఆయన 1986 నుంచి అధికారులకు, మంత్రులకు ఉత్తరాలు రాశారు. పలికినవారు తక్కువ. 1993లో పార్లమెంటు ఎండు మరుగుదొడ్లను, చేతితో మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ తరువాత కేజీఎఫ్ కక్కసుల ఫోటోలు పత్రికకెక్కాయి. అప్పుడు గాని గనుల యాజమాన్యం కదల్లేదు. నీళ్లతో కడిగే మరుగుదొడ్లు కట్టడానికి, ఆ కార్మికులకు వేరే పనులు ఇవ్వడానికి ఒప్పుకుంది. 2016లో విల్సన్ గారికి మెగసెసే అవార్డు వచ్చింది. గనులు 2001లోనే మూతపడ్డాయి. ఆ పోరాటం మాత్రం దేశమంతా పాకింది.

ఎండు కక్కసుకూ, నీళ్ల మరుగుదొడ్డికీ తేడా ఎంతో తెలుసా? వంకర తిరిగిన గొట్టం, అందులో నిలిచే జానెడు కూడా లేని నీరు. గడియారాలు చేసే అలెగ్జాండర్ కమ్మింగ్ అనే ఆయన 1775లో ఇలాంటి గొట్టానికి లండన్‌లో పేటెంటు పొందాడు. ఆ నీరే దుర్వాసనను, విషవాయువును ఇంట్లోకి రానివ్వదు.

మీ వీధిలో యూజీడీ లైను ఉంటే పునాది వేసేటప్పుడే దాని మట్టం చూసుకోండి. మరుగుదొడ్డి మట్టం రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత కన్నా ఎత్తులో ఉండాలి. నాలుగంగుళాల గొట్టానికి నలభై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇస్తే మంచిది. మలుపు ఉన్నచోట చేంబరు కట్టించండి. మిద్దె మీది వాన నీటిని ఆ గొట్టంలోకి వదలకండి. జడివానలో లైను నిండి మీ ఇంట్లోకే ఎదురుతన్నుతుంది.

లైను రాని వీధిలో రెండు గుంతల పద్ధతి ఉంది. ఒకటి నిండితే మూసి, రెండోదానికి మార్చాలి. రెండేళ్లు వదిలేస్తే మొదటి గుంతలోది ఎరువుగా మారుతుంది. గుంతలు బోరుకు వీలైనంత దూరంగా ఉండాలి. మన నేలలో తాగే నీరు బోరుదే కదా!

సెప్టిక్ ట్యాంకు కట్టించారా? నిండినప్పుడు మనిషిని మాత్రం దింపకండి. లోపలి వాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడవచ్చు. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ సొమ్ముతో పోయిన మనిషి తిరిగి రాడు.

గొట్టం కలిపేశాం, ఇక మనకేం పని అనుకోకండి. 2018 జూన్‌లో కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మన జిల్లా లక్ష్మీసాగర చెరువుకు వదిలారు. మరుసటి నెలలోనే చెరువులో నురుగు కనిపించింది. హైకోర్టు దాకా వ్యవహారం వెళ్లింది. తరువాత నీరు మళ్లీ వచ్చింది, ఎండిన చెరువులు నిండాయి. రెండో దశ శుద్ధి చాలదు, మూడో దశ కూడా కావాలని రైతులు అడిగారు. చూశారా, ఒక ఊరి మురుగే మరో ఊరి చెరువు అయింది. మన ఊరి మురుగు కూడా ఎవరి చెరువుకో చేరేదే.

కాబట్టి గొట్టం వేయించే ముందు పట్టణ పంచాయతీని రెండు ప్రశ్నలు అడగండి. ఈ నీరు ఎక్కడ శుద్ధి అవుతుంది? లైను మూసుకుపోతే తీసేది యంత్రమా, మనిషా? జవాబు వచ్చేదాకా అడగండి.

సెలవు.