కృష్ణబిలానికి మూడే సంఖ్యలు
ఐన్‌స్టైన్ గురుత్వ సమీకరణాలకు తొలి కచ్చితమైన పరిష్కారాన్ని ష్వార్జ్‌షీల్డ్ 1916లో ప్రచురించారు. అది తిరగని, విద్యుదావేశం లేని గోళానికి. ఆ ఏడాదే ఆవేశాన్ని చేర్చిన హాన్స్ రైస్నర్ విమానాల ఇంజనీరు కావడం మా వృత్తికి గర్వకారణం.

భ్రమణం మాత్రం లొంగలేదు. 1918లో లెన్స్, థిరింగ్ ఇచ్చింది ఉజ్జాయింపే. దూరాన పనికొస్తుంది, కృష్ణబిలం అంచున పనికిరాదు. కచ్చితమైన జవాబును 1963లో టెక్సాస్‌లో న్యూజీలాండ్ గణితజ్ఞుడు రాయ్ కెర్ సాధించారు. రెండేళ్లకే న్యూమన్ బృందం దానికి ఆవేశాన్నీ జోడించింది. ద్రవ్యరాశి, కోణీయ ద్రవ్యవేగం, ఆవేశం తెలిస్తే స్థిరపడిన కృష్ణబిలం మొత్తం తెలిసినట్టే.

మా పనంతా ఉజ్జాయింపులతోనే నడుస్తుంది. అయినా "దాదాపు" అని రాస్తే మన లెక్కల మాస్టారు సగం మార్కులే ఎందుకు వేసేవారో, ఆ 45 ఏళ్ల నిరీక్షణ గురించి చదివాక బోధపడింది.