సూదుల వైద్యాన్ని బతికించింది రాజులు కాదు

వారమంతా బరువులు మోసిన నడుము ఆదివారం నాడు పగ తీర్చుకుంటుంది. సింగపూర్‌లోనో, మలేషియాలోనో పనిచేసే మనవాళ్ల గదుల్లో ఆ రోజు తరచూ వినిపించే మాట ఒకటుంది. "అన్నా, ఆ చైనా వైద్యుడి దగ్గరికెళ్లి సూదులు గుచ్చించుకో, తగ్గిపోద్ది" అంటారు ఒకరు. "అదంతా మోసం, డబ్బులు దండగ" అంటారు పక్క మంచం మీదున్నాయన. తీరా షాపు దాకా వెళ్తే బోర్డు మీద "అయిదు వేల ఏళ్ల ప్రాచీన వైద్యం" అని కనిపిస్తుంది. ఈ మూడు మాటల్లో ఏది నిజం? అది తేల్చుకోవాలంటే ఆ సూది ఎక్కడి నుంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఒకసారి చూడాలి.

మాచిపత్రి మంట, బంగారు సూది

మనం ఆక్యుపంక్చర్ అనే వైద్యాన్ని చైనీయులు జెన్‌జియు అంటారు. జెన్ అంటే సూది, జియు అంటే కాల్చడం. రెండూ జంట వైద్యాలు. ఒక ఆకును ఎండబెట్టి, దంచి, దూదిలా చేసి, ఒంటి మీద ఫలానా చోట వేడి తగిలేలా కాలుస్తారు. ఆ మొక్క మనం వినాయక చవితికి తెచ్చే మాచిపత్రికి దగ్గరి చుట్టం. మన ఊళ్లలో పూర్వం నొప్పికి వాతలు పెట్టేవారు కదా, కొంచెం అలాంటిదే.

ఈ రెంటిలో ముందు పుట్టింది మంటేనని అనిపిస్తుంది. 1973లో చాంగ్షా నగరం దగ్గర మవాంగ్‌దుయ్ అనే చోట క్రీ.పూ. 168లో మూసిన ఒక సమాధిని తవ్వారు. అందులో పట్టుగుడ్డల మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. ఒంట్లో నాడుల్లాంటి దారులున్నాయని, ఫలానా దారి మీద కాలిస్తే ఫలానా బాధ పోతుందని వాటిలో ఉంది. ఆ దారుల మీద సూదులు గుచ్చే సంగతి మాత్రం లేదు. ఆ తర్వాత వందేళ్లకు అటూ ఇటూగా కూర్చిన 'హువాంగ్‌దీ నెయ్‌జింగ్' అనే గ్రంథంలో సూదుల వైద్యం వివరంగా కనిపిస్తుంది. క్రీ.పూ. 113లో చనిపోయిన లియు షెంగ్ అనే రాజకుమారుడి సమాధిలో 1968లో నాలుగు బంగారు సూదులు, అయిదు వెండి సూదులు బయటపడ్డాయి. అంటే గట్టి ఆధారాలున్న చరిత్ర రెండు వేల ఏళ్ల పైచిలుకు. అదేమీ తక్కువ కాదు. అయిదు వేలు మాత్రం బోర్డు రాసేవాళ్ల లెక్క.

సుంగ్ వంశపు రాజుల కాలంలో ఈ విద్యకు గొప్ప ఆదరణ దక్కింది. 1027లో వాంగ్ వెయ్‌యి అనే ఆస్థాన వైద్యుడు మనిషంత కంచు బొమ్మలు రెండు పోయించాడు. సూది గుచ్చవలసిన చోటల్లా బొమ్మకు సన్నటి రంధ్రం ఉండేది. పరీక్షనాడు బొమ్మ లోపల నీళ్లు నింపి, పైన మైనం పూసేవారట. విద్యార్థి సరైన చోట గుచ్చితే నీళ్లు కారాలి. కారకపోతే తప్పినట్టే!

రాజు వద్దన్నాడు, సర్కారు తీసేయమంది

అంత ఆదరణ పొందిన విద్యకు 1822లో పెద్ద దెబ్బ తగిలింది. చక్రవర్తి దావోగువాంగ్ ఆస్థాన వైద్యశాలలో సూది, మంట వైద్యాల విభాగాన్ని ఎత్తేయించాడు. చక్రవర్తి ఒంటికి సూదులు గుచ్చడం, కాల్చడం తగదన్నది కారణం. కోటలో మూతపడ్డా పల్లెల్లో మాత్రం సూది ఆగలేదు. డబ్బిచ్చి మూలికలు కొనలేని వాడికి ఒక సూది, గుప్పెడు ఆకు చాలు కదా.

వందేళ్లు తిరిగాక ఇంకో గండం. 1929 ఫిబ్రవరిలో నాంకింగ్ ప్రభుత్వపు ఆరోగ్య సంఘం పాత వైద్యాన్ని మొత్తంగా తీసేయాలన్న ప్రతిపాదనకు ఒప్పుకుంది. దేశం ఆధునికం కావాలంటే పాత వైద్యం పోవాలని పాశ్చాత్య వైద్యం చదివిన డాక్టర్లు పట్టుబట్టారు. మార్చి 17న సంప్రదాయ వైద్యులు దేశం నలుమూలల నుంచి షాంఘై చేరి పెద్ద సభ పెట్టారు. చివరికి ఆ ప్రతిపాదన అమలు కాలేదు. కానీ ఆ దెబ్బతో వైద్యులు తమ విద్యను తామే సరిచేసుకోవడం మొదలుపెట్టారు. చెంగ్ దానాన్ అనే వైద్యుడు శరీర నిర్మాణ శాస్త్రం చదివి, రక్తనాళాల మీద పడే గుర్తులను పక్కకు జరిపాడు. సన్నటి సూదుల వాడకాన్ని ప్రచారం చేశాడు. ఇవాళ షాపులో మనకు గుచ్చే సూది ఒక రకంగా ఆ కాలపు సంస్కరణే.

కూలీల వైద్యం

చైనా వైద్యం దేశం దాటింది కూడా కూలీల వెంటే. సింగపూర్‌లో 1867లో ఏడుగురు చైనా వ్యాపారులు కలిసి థాంగ్ చాయ్ వైద్యశాల పెట్టారు. జాతి, మతం చూడకుండా పేదలకు ఉచితంగా చూసి మందిచ్చేవారు. వలస వచ్చి జబ్బుపడిన కూలీకి అదే దిక్కు.

చైనాలో సూదికి మళ్లీ రోజులు వచ్చింది యుద్ధం మధ్యలో. 1940లలో యెనాన్ కొండల్లో కమ్యూనిస్టు సైన్యానికి మందులు లేవు, డాక్టర్లు చాలరు. జు లియాన్ అనే మహిళా డాక్టరు పాశ్చాత్య వైద్యం చదివి కూడా సూదులు నేర్చుకున్నారు. 1951లో ఆమె 'కొత్త ఆక్యుపంక్చర్' అనే పుస్తకం వెలువరించారు. 1956లో బీజింగ్, షాంఘై, గువాంగ్‌జౌ, చెంగ్డూలలో ప్రభుత్వం సంప్రదాయ వైద్య కళాశాలలు తెరిచింది. 1968 నుంచి 'చెప్పుల్లేని డాక్టర్లు' అన్న పేరు మార్మోగింది. కొన్ని నెలల శిక్షణ పొందిన రైతుబిడ్డలే వీళ్లు. టీకాలు, కొన్ని మాత్రలు, సూదులు సంచిలో వేసుకుని పొలం గట్ల మీద తిరిగేవారు. 1970ల నడుమ వీళ్ల సంఖ్య పది లక్షలు దాటింది.

మన దేశానికి ఈ విద్య వచ్చిన దారి కూడా ఆ యుద్ధం నుంచే మొదలైంది. 1938లో సుభాష్ చంద్రబోస్ కాంగ్రెస్ అధ్యక్షుడుగా ఉన్నప్పుడు, జపాన్‌తో పోరాడుతున్న చైనాకు అయిదుగురు డాక్టర్లను పంపారు. వారిలో ద్వారకానాథ్ కోట్నిస్ షోలాపూర్ వారు. మన పద్మశాలీలు మగ్గం పట్టుకుని వలస వెళ్లి స్థిరపడిన ఊరే అది. కోట్నిస్ 32 ఏళ్ల వయసులో, 1942 డిసెంబరు 9న చైనాలోనే కన్నుమూశారు. ఆయనతో వెళ్లిన బిజయ్ కుమార్ బసు తిరిగి వచ్చారు. 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959లో కలకత్తాలో ఆ వైద్యం మొదలుపెట్టారు.

నడుముకు పనిచేస్తుందా?

ఆక్యుపంక్చర్‌తో నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేయించుకున్నాడని ఒక అమెరికా విలేఖరి గురించి చెబుతుంటారు. ఆయన న్యూయార్క్ టైమ్స్‌కు చెందిన జేమ్స్ రెస్టన్. 1971 జూలైలో బీజింగ్‌లో ఆయనకు అపెండిక్స్ ఆపరేషన్ జరిగిన మాట నిజం. కానీ మత్తు ఇచ్చింది మామూలు ఇంజెక్షన్‌తోనే. సూదులు గుచ్చింది ఆ తర్వాత, కడుపుబ్బరం తగ్గడానికి. ఆయన రాసింది అదే. జనం నోట అది వేరే కథైంది.

నడుము నొప్పి విషయంలో జర్మనీలో జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. ఎంతోకాలంగా బాధపడుతున్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఆరు నెలల తర్వాత చూస్తే, సరైన చోట్ల సూదులు గుచ్చినవారిలో 47.6 శాతం మందికి మేలు కనిపించింది. కావాలనే వేరే చోట్ల పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం మందికి, మందులు, వ్యాయామాల వంటి మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతం మందికి మేలు కలిగింది. అంటే సూదుల వల్ల చాలామందికి ఉపశమనం కలిగింది. ఎక్కడ గుచ్చారన్నది మాత్రం పెద్ద తేడా చూపలేదు. కాబట్టి గదిలో మాట్లాడిన ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది.

వెళ్లదలచుకుంటే రిజిస్టరైన వైద్యుడి దగ్గరికే వెళ్లండి. అందుకు సింగపూర్‌లో 2000లో, మలేషియాలో 2016లో చట్టాలు వచ్చాయి. సూదుల ప్యాకెట్ మీ ఎదుటే విప్పమనండి, ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడకూడదు. కాలు తిమ్మిరెక్కుతున్నా, మూత్రం పట్టు తప్పినా, జ్వరంతో నడుము లాగుతున్నా సూదులతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. బీపీ, షుగర్ మాత్రలు ఆపమంటే నమ్మకండి.

మరొక్క మాట. పనిలో దెబ్బ తగిలితే ముందుగా డాక్టరుకే చూపించి కాగితం తీసుకోండి. రేపు పరిహారం అడగాల్సి వస్తే ఆ కాగితమే సాక్ష్యం. డాక్టరు లేని చోట పేదవాణ్ని ఆదుకున్న వైద్యమిది. డాక్టరు ఉన్న చోట అతన్ని తప్పించుకోవడానికి దాన్ని వాడుకోవద్దు, ఎవరైనా మీ చేత అలా చేయించాలని చూసినా ఒప్పుకోవద్దు.